లీలనావ్‌లో ఎర్ర కొట్టం

ఏ గదిలోకి వెళ్ళినా రామమోహన్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాడు. తలను కుడివైపు చివరిదాకా తిప్పుతాడు. అక్కణ్ణించి మెల్లగా ఎడమవైపు చివరిదాకా తీసుకొస్తాడు. ఆ తర్వాతే లోపలికి నడుస్తాడు.

మిచిగన్‌లో వాళ్ళుండే నోవై ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. "రావయ్యా జమీందారూ, మా సోఫాలు అక్కడే ఉన్నాయిలే, ఎవరూ ఎత్తుకుపోలేదు" అని స్నేహితుడు భాస్కరరావు తన ఇంటి గుమ్మంలోనే ఆటపట్టించేవాడు. కూతురు రేణు చిన్నప్పుడు తండ్రిని లైట్‌హౌస్ అనేది. అతను నవ్వి ఊరుకునేవాడు. జమీందారు అన్నా, లైట్‌హౌస్ అన్నా నయమే. అసలు సంగతి ఎవరూ అడగకుండా ఉంటే చాలు.

అసలు సంగతి ఏమిటంటే అతనికి పక్కలు కనిపించవు.

మొదట నక్షత్రాలు పోయాయి. ఒక వేసవి రాత్రి పిక్నిక్ అయ్యాక అందరూ గడ్డిలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. అతనికి పైన నల్లటి గుడ్డ పరిచినట్టు ఉంది, అంతే. మబ్బు పట్టిందనుకున్నాడు. తర్వాత సాయంత్రాలు పోయాయి. ఆ తర్వాత అంచులు అరగడం మొదలుపెట్టాయి, సబ్బుబిళ్ళ అరిగినట్టు, ఏ రోజుకారోజు తేడా తెలియకుండా.

ఆన్ ఆర్బర్‌లో కళ్ళ డాక్టరు పొడుగాటి పేరు ఒకటి చెప్పాడు. కాకినాడలో దాన్ని రేచీకటి అంటారు. రామమోహన్ మేనమామకి ఉండేది. దీపాలు పెట్టే వేళకి ఆయన అరుగు మీద కూర్చుంటే మళ్ళీ తెల్లారేదాకా ఒంటరిగా కదిలేవాడు కాదు. "ఇది బయట నుంచి లోపలికి వస్తుంది" అన్నాడు డాక్టరు. "మధ్యలో చూపు చాలాకాలం ఉండవచ్చు. ప్రస్తుతానికి పగలు డ్రైవ్ చేయవచ్చు. ఎంతకాలమో నేను చెప్పలేను. ఇంట్లోవాళ్ళకి చెప్పండి."

అతను చెప్పలేదు. నోవైలో కారు నడపనివాడు ఇంట్లో బల్లలాంటివాడు. ఎవరో వచ్చి జరిపితేనే కదులుతాడు. అలాంటి బల్ల కావడం అతనికి ఇష్టం లేదు. చలికాలం వస్తే పెట్రోలు ఆదా అని చెప్పి భాస్కరరావు కారులో ఆఫీసుకి వెళ్ళేవాడు. పార్టీల నుంచి తిరిగొచ్చేటప్పుడు "నాకు నిద్రొస్తోంది, నువ్వు డ్రైవ్ చెయ్యి" అని తాళాలు భార్యకి ఇచ్చేవాడు. ఆఫీసులో అతని పని కారు తలుపులు. తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడు రేకు మోగినట్టు ఉండకూడదు, మెత్తగా, బరువుగా ఉండాలి. దానికోసం అతను కళ్ళు మూసుకుని రోజంతా తలుపులు వేయించుకుంటూ వినేవాడు. అక్కడ చూపుతో అంత అవసరం లేదు. కాబట్టి అక్కడా ఎవరికీ తెలియలేదు.

భార్య నళినికి కూడా తెలియదనే అతను అనుకున్నాడు.

నళిని ఊరి లైబ్రరీలో పిల్లల విభాగంలో పనిచేసేది. అక్కడికి వచ్చే పత్రికల్లో ఒకదానిలో ఫ్రాన్స్ గురించి చదివింది. ద్రాక్షతోటల మధ్య సైకిళ్ళ మీద తీరిగ్గా తిరగడం, ఎక్కడ అలిసిపోతే అక్కడ చెట్టు కింద రొట్టె, జున్ను తినడం, సాయంత్రానికి ఏదో చిన్న ఊళ్ళో రాతి ఇంట్లో పడుకోవడం. ఆ పత్రికను ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టుకుంది. లైబ్రరీ నుంచే ఫ్రెంచి నేర్పే క్యాసెట్లు తెచ్చింది. ఆరు నెలల పాటు వాళ్ళింట్లో తిరగమోత చిటపటల మధ్య ఒక పారిస్ ఆడమనిషి గొంతు "స్టేషను ఎటువైపు?" అని అడుగుతూ ఉండేది. నళిని గరిటె పట్టుకుని జవాబు చెప్పేది.

ఎనభై ఐదు సెప్టెంబరుకి రేణు కాలేజీకి వెళ్ళిపోతుంది. ఇద్దరూ అప్పుడు వెళ్దామనుకున్నారు. రామమోహనే ఉత్సాహంగా పక్క ఊళ్ళో ఒక ముసలి దంపతుల దగ్గర ఇద్దరు తొక్కే సైకిలు కొన్నాడు. ఒకే చట్రం, ముందొక సీటు, వెనకొక సీటు. ముందు కూర్చున్నవాళ్ళ చేతిలో హ్యాండిలు, బ్రేకులు, గేర్లు అన్నీ ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్ళు తొక్కుతారు, అంతే.

ముందు ఎవరు కూర్చోవాలన్న ప్రశ్నే రాలేదు. పెళ్ళికి ముందు నళిని గుంటూరులో కాలేజీకి తన సైకిలు మీదే వెళ్ళేది. పెళ్ళయ్యాక ఆ సైకిలు తమ్ముడిదైపోయింది. కాకినాడలో కాపురం పెట్టిన కొత్తల్లో ఆదివారం సాయంత్రాలు రామమోహన్ ఆమెను వెనక క్యారియరు మీద ఒకపక్కగా కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్ళేవాడు. ఆమె సీటు కింద స్ప్రింగు పట్టుకుని కూర్చునేది. అతను వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆమె ఉందని బరువుని బట్టి తెలిసేది. అమెరికాలో రెండు సీట్ల సైకిలు వచ్చినా ఆమె తిన్నగా వెళ్ళి వెనక సీటే ఎక్కింది.

వసంతం వచ్చేసరికి అతనికి భయం పట్టుకుంది. కొత్త విమానాశ్రయాలు, తెలియని సందులు, అన్ని పక్కల నుంచీ వచ్చిపడే మనుషులు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు.

"ఫ్రాన్స్ దాకా ఎందుకు నళినీ? మన మిచిగన్‌లోనే పైన లీలనావ్‌లో ద్రాక్షతోటలున్నాయిట. ఫ్రాన్స్ నుంచి తెచ్చిన మొక్కలేనట."

నళిని అతని ముఖంలోకి కాసేపు చూసింది. "సరే" అంది. "అక్కడా ద్రాక్షపళ్ళే, ఇక్కడా ద్రాక్షపళ్ళే." క్యాసెట్లు లైబ్రరీకి తిరిగి ఇచ్చేసింది.

భాస్కరరావు మాత్రం వదల్లేదు. "ఏమిటయ్యా, ఫ్రాన్స్ అని ఊరంతా టాంటాం వేసి ఆఖరికి మన పెరట్లోనే తిరుగుతానంటావు? పాస్‌పోర్ట్ ఎక్కడైనా పారేసుకున్నావా?"

"పెరడు పెద్దదేలే" అన్నాడు రామమోహన్.

రేణుని కాలేజీ హాస్టల్లో దింపిన తర్వాతి వారం, కారు మీద సైకిలు కట్టుకుని బయల్దేరారు. పగలే కాబట్టి అతనే నడిపాడు. ప్రయాణాల్లో నళినికి నోరు ఊరుకోదు. ఆ రోజూ అంతే. "కుడివైపు చూడండి, ఆ ట్రక్కు మీద ఆవు బొమ్మ ఎంత ముద్దుగా ఉందో." "ఎడమవైపు చూడండి, ఆ నీలం కారులో కుక్క డ్రైవరులాగా కూర్చుంది." చూసే అలవాటు కొద్దీ అతను తల తిప్పి చూసేవాడు. ఆవు బొమ్మ ఉన్న ట్రక్కు దగ్గరగా ఉండేది. నీలం కారు పక్కనే ఉండేది. నళినిది ఎప్పుడూ పిల్లల పుస్తకాల్లో బతుకు అని నవ్వుకునేవాడు.

లీలనావ్ నీళ్ళలోకి చాచిన చిటికెన వేలులా ఉంటుంది. ఒకవైపు పెద్ద సరస్సు, ఒకవైపు అఖాతం, నడుమ కొండలు. కొండలంటే ఎత్తైనవి కావు. నేల నిద్రలో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు పైకి లేచి దిగుతుంది, అంతే. వాటి మీద చెర్రీ తోటలు, వాటి మధ్య ద్రాక్ష వరసలు. పక్షులు తినకుండా తీగల మీద తెల్లటి వలలు కప్పారు. దూరం నుంచి చూస్తే కొండవాలు మీద ఎవరో పొగమంచుని దువ్వెనతో దువ్వి వదిలేసినట్టు ఉంది. అప్పుడప్పుడు ఎక్కడో పిట్టల్ని తరిమే గొట్టం ఢామ్మని పేలేది. పిట్టలు లేచేవి. గాల్లో ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే తీగ మీద వాలేవి.

మొదటి రోజు వాళ్ళు ఎంత దూరం తొక్కారో చూసుకోలేదు. రోడ్డు ఎటు వంగితే అటు వెళ్ళారు. సెప్టెంబరు ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. పండిపోయి రాలిన ఆపిల్ పళ్ళ వాసన రోడ్డు మీదికి వస్తోంది. వెనక నుంచి నళిని మాటలు, మధ్యలో ఆమె ఊపిరి, గొలుసు తిరిగే చప్పుడు. అతనికి కనిపించేది ఎదురుగా గుండ్రటి ముక్క ఒకటి. అందులో రోడ్డు, దాని చివర కొంచెం నీళ్ళు. ఆ ముక్క చాలా అందంగా ఉంది. దాని చుట్టూ ఏముందో అతను ఆలోచించడం మానేశాడు. కలలో కూడా అంతే కదా, ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఏముందని ఎవరూ అడగరు.

మధ్యాహ్నం ఒక తోట దగ్గర ఆగారు. పొడుగాటి ముసలాయన బయటకి వచ్చాడు. పేరు వాల్టర్. నళిని సైకిలు దిగి, జుట్టు సరిచేసుకుని, ఆరు నెలల ఫ్రెంచి అంతా కూడదీసుకుని పలకరించింది. మీ తోట చాలా అందంగా ఉంది, ఈ ఏడాది పంట ఎలా ఉంది అని అడిగింది.

వాల్టర్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "మా తాతలు పోలండ్ నుంచి వచ్చారమ్మా. ఫ్రెంచిలో నాకు ద్రాక్ష పేర్లు తప్ప ఇంకేమీ రావు."

"పరవాలేదు" అంది నళిని ఇంగ్లీషులో. "నాకు ద్రాక్ష పేర్లు తప్ప మిగతావన్నీ వచ్చు."

ముసలాయన పడీపడీ నవ్వాడు. నేలమాళిగలో పీపాలున్నాయి, వచ్చి రుచి చూడమన్నాడు. రామమోహన్ ఆ గుమ్మంలో ఆగాడు. ఎండలోంచి వచ్చిన కళ్ళకి లోపల ఏమీ లేదు. మెట్లు లేవు, గోడలు లేవు. తల కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. సిరాబుడ్డిలోకి చూసినట్టు ఉంది. కాలు ముందుకు పెట్టబోయాడు.

"అబ్బ, లోపల చలిగా ఉందండీ" అంది నళిని అతని మోచెయ్యి పట్టుకుని. "నేను రాను బాబూ. బయటే కూర్చుందాం. ఆయన్నే ఇక్కడికి తెమ్మనండి."

గండం గడిచిందనుకున్నాడు అతను. నళినికి చలి అంటే పడదు, అదే మేలైంది.

చెట్టు కింద బల్ల మీద వాల్టర్ ఇద్దరికీ కలిపి ఒకే గ్లాసులో పోశాడు, భార్యాభర్తలే కదా అని. నళిని ఎప్పుడూ వైను ముట్టలేదు. ఇంతదూరం వచ్చాక ఒక్క గుక్క చూడాలనుకుంది. గ్లాసు ఎత్తి, తల వెనక్కి వంచి, పెదవులకి తగలకుండా, మరచెంబుతో మంచినీళ్ళు తాగినట్టు పైనుంచి పోసుకుంది. సగం గొంతులోకి వెళ్ళింది. సగం మెడ మీదుగా కారింది.

వాల్టర్ నోరు తెరుచుకుని చూశాడు. "నా వైను తాగినవాళ్ళని చూశాను, ఉమ్మినవాళ్ళని చూశాను. స్నానం చేసినవాళ్ళని ఇదే చూడ్డం."

"మీ కోసమేనండీ" అంది నళిని దగ్గుతూ, భర్తతో తెలుగులో. "ఎంగిలి చెయ్యకుండా మిగిల్చాను, తాగండి."

అతను తాగాడు. పుల్లగా, చల్లగా, చివర ఏదో రాయి నాకినట్టు ఉంది. బాగుందని చెప్పాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఇంకో కొండ దిగుతున్నారు. దిగుడు కాబట్టి తొక్కే పని లేదు. చక్రాలు వాటంతటవే పాడుతున్నాయి. రెండువైపులా ద్రాక్ష వరసలు. గాలి చొక్కాలోకి దూరి వీపుని ఉబ్బిస్తోంది. రామమోహన్ బ్రేకుల మీద వేళ్ళు వదులు చేశాడు. పాతికేళ్ళ వయసు వచ్చినట్టు, కింద సముద్రం ఉన్నట్టు అనిపించింది.

"ఏమండీ, ఎడమవైపు చూడండి! ఎర్ర కొట్టం! ఎంత బావుందో చూడండి, చూడండి!"

అతను తల తిప్పాడు. ద్రాక్ష వరసల్లోంచి ట్రాక్టరొకటి రోడ్డు మీదికి దూసుకొస్తోంది. దాని వెనక పళ్ళ తొట్లు. నడిపేవాడు తల వెనక్కి తిప్పి తొట్లు చూసుకుంటున్నాడు. రామమోహన్ రెండు బ్రేకులూ బిగించాడు. సైకిలు తోక విసిరి, కంకర మీద జారి, ఆగింది. ట్రాక్టరు వాళ్ళ ముందు చక్రానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో రోడ్డు దాటింది. డీజిలు వాసన, నలిగిన ద్రాక్ష వాసన కలిసి మొహాన కొట్టాయి. నడిపేవాడు అప్పుడు చూసి, చెయ్యెత్తి క్షమించమన్నట్టు ఊపి, అవతలి వరసల్లోకి వెళ్ళిపోయాడు.

రామమోహన్ ఒక కాలు నేల మీద ఆన్చి నిలబడ్డాడు. మెల్లగా తల ఎడమవైపు తిప్పాడు. తెల్లటి వలలు. తీగలు. కొండ. ఆకాశం. మళ్ళీ చివరిదాకా చూశాడు.

"ఎర్ర కొట్టం ఏదీ?"

"ఏ కొట్టం?"

"ఇప్పుడేగా చూడమన్నావు."

"అదా..." నళిని వెనక్కి తిరిగి చూసినట్టు చేసింది. "వెళ్ళిపోయింది."

"కొట్టాలు వెళ్ళిపోతాయా నళినీ?"

"అమెరికా కదండీ. ఇళ్ళకి ఇళ్ళే ట్రక్కుల మీద పెట్టి తీసుకుపోతున్నారు. కొట్టాలకేం?"

ఇంకో రోజైతే అతను నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆవు బొమ్మ ట్రక్కు గుర్తొచ్చింది. కుక్క కూర్చున్న నీలం కారు గుర్తొచ్చింది. కిందటి చలికాలం షాపింగ్ మాల్ పార్కింగ్ లాట్‌లో "అటు చూడండి, ఆ పాప టోపీ ఎంత బావుందో" అన్న మాట గుర్తొచ్చింది. అతను తల తిప్పి చూసేసరికి పాప లేదు, వెనక్కి వస్తున్న వ్యాను ఉంది. చలిగా ఉందని నేలమాళిగ గుమ్మంలో మోచెయ్యి పట్టుకోవడం గుర్తొచ్చింది. ఇంకా ఎన్నో. అందమైనవేవో కుడివైపునో ఎడమవైపునో ఉండేవి. ఎదురుగా ఉన్నదాన్ని చూడమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

"ఎప్పట్నుంచీ తెలుసు నీకు?"

నళిని సైకిలు దిగింది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసింది. అతనికి సరిగ్గా ఎదురుగా నిలబడి చేతికి ఇచ్చింది.

"కిందటేడు ఉగాదికి. పచ్చడి గిన్నె మీ కుడిచెయ్యి పక్కనే పట్టుకుని నుంచున్నాను. మీరు 'పచ్చడి ఇంకా తేలేదేం' అన్నారు. నేను ఇంకాసేపు అలాగే నుంచున్నాను. మీరు మళ్ళీ అడిగారు."

"అప్పుడే అడగాల్సింది."

"మీరు చెప్తారు కదా అని."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే కొట్టాలున్నాయిగా."

అతను కాఫీ తాగాడు. చల్లారిపోయింది. ఆ తర్వాత డాక్టరు చెప్పిందంతా చెప్పాడు, ఆ పొడుగాటి పేరుతో సహా. ఆమె ఖాళీ మూత అందుకుని ఫ్లాస్కుకి బిగిస్తూ విన్నది. ఎక్కడో గొట్టం పేలింది. పిట్టలు లేచి తిరిగి వాలాయి.

ఆ రాత్రికి దిగిన ఇల్లు నీళ్ళ ఒడ్డునే ఉంది. వెనకాల చెక్క వసారా, రెండు కుర్చీలు. సూర్యుడు ఇంకా నీళ్ళని ముట్టుకోలేదు. నళిని తెచ్చుకున్న పులిహోర కాగితం ప్లేట్లలో పెట్టింది. తింటూ అడిగింది.

"అయితే ఎంత కనిపిస్తుంది?"

అతను ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతుల వేళ్ళనూ గుండ్రంగా చుట్టి, అందులోంచి ఆమెను చూశాడు. "నీ మొహం అంతా. చెవులు కొంచెం."

"కమ్మలు?"

"లేవు."

"మరి చెప్పరేం? ఇవి పెట్టుకోడం శుద్ధ దండగన్నమాట" అంటూ కమ్మలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక ఇద్దరికీ ఆ ట్రాక్టరే గుర్తొచ్చింది.

"రేపటి సంగతేమిటి?" అంది.

"ఏముంది, రోడ్లు ఖాళీగానే ఉన్నాయి. నేను మెల్లగా తొక్కుతాను."

"ముందు నేను కూర్చుంటాను."

"నీకు అలవాటు లేదు. ఇంత పెద్ద సైకిలు, వెనక నా బరువు. గుంటూరు సైకిలు కాదిది."

అలవాటు సంగతి కాదని అతనికి తెలుసు. రేపు ముందు సీటు ఇస్తే ఇంటికి వెళ్ళేటప్పుడు కారు తాళాలు ఇవ్వాలి. ఇచ్చినవి మళ్ళీ అడగలేడు. సోమవారం ఆఫీసుకి ఎవరు దింపుతారు? పాల ప్యాకెట్ కావాలంటే ఎవరిని అడగాలి? అరుగు మీద మేనమామ కళ్ళ ముందుకొచ్చాడు.

నళిని గుప్పిట్లోని కమ్మలు సంచిలో వేసింది. "సరే, మీ ఇష్టం" అంది. కోపంగా అనలేదు. "నేను వెనకే కూర్చుంటాను. చెప్పాల్సినవి చెప్తూ ఉంటాను. ఇక కొట్టాలక్కర్లేదు, ట్రాక్టరొస్తే ట్రాక్టరనే చెప్తాను."

అతనికి ప్రాణం తేలికపడింది. ఇంత సులువుగా ఒప్పుకుంటుందనుకోలేదు. సూర్యుడి అంచు నీళ్ళలో కరగడం మొదలైంది. అతనికి కనిపించే గుండ్రటి ముక్క నిండా నారింజ రంగు. దాన్ని చూస్తూ తీరిగ్గా అడిగాడు.

"ఈ రెండ్రోజుల్లో చూసినవాటిల్లో నీకు ఏది బాగా నచ్చింది?"

నళిని ఆలోచించింది. ఆమె అంతసేపు ఆలోచించడం అతనికి వింతగా అనిపించింది.

"మీ చొక్కా వెనకాల, కాలరు కింద, రెండు కుట్లు ఊడాయి. ఇంటికెళ్ళాక వేస్తాను."

"వేళాకోళమా?"

"కాదండీ. ముందంతా మీ వీపే కదా. ఆ భుజం మీదుగా ఈ భుజం మీదుగా రోడ్డు చూశాను. ఎటునుంచి ఏం వస్తుందో చూడాలిగా." ఒక మెతుకు వేలితో తీసి ప్లేటులో వేసింది. "తోటలు బావున్నాయనే అనుకుంటున్నాను. మీరు బావున్నాయన్నారు కదా."

ఫ్రాన్స్ పత్రిక వంటింట్లో గట్టు మీద ఎన్ని నెలలు ఉందో అతను గుర్తుచేసుకున్నాడు. ఆ పత్రికలో ద్రాక్షతోటల బొమ్మ రెండు పేజీల పొడుగునా ఉండేది. ఆమె దాన్ని కూరల మరకలు పడకుండా పైకి తీసి పెట్టేది. ఇప్పుడు నిజం తోటల్లో రెండు రోజులు తిరిగింది. రోడ్డు అంచులు తప్ప ఏమీ చూడలేదు. పండగ భోజనమంతా తనొక్కడే తినేసి ఖాళీ విస్తరి ఆమె ముందుకు తోసినట్టు అనిపించింది.

చీకటి పడుతోంది. కుర్చీలు, వసారా, నీళ్ళు ఒక్కొక్కటిగా అతన్ని వదిలి వెళ్ళిపోతున్నాయి. నళిని లేచింది. "మెట్టు ఉంది" అంది మామూలుగా, చెయ్యి అందిస్తూ. అతను ఆ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. ఇన్నాళ్ళూ ఆమె మెట్టుని మెట్టు అనకుండా ఎన్ని పేర్లు పెట్టి ఉంటుందో అనుకున్నాడు.

మర్నాడు అతను ఆమె కంటే ముందు లేచాడు. నీళ్ళ మీద పొగమంచు ఉంది. సైకిలును గోడ దగ్గర్నుంచి గడ్డిలోకి తీసుకొచ్చాడు. సంచిలోంచి పానా తీసి ముందు సీటు మర వదులు చేశాడు. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. సీటు పట్టుకుని కిందికి నొక్కాడు. ఆమె నడుము ఎంత ఎత్తుకి వస్తుందో అతని చేతికి తెలుసు. అక్కడ ఆపి మర బిగించాడు. తర్వాత వెనక సీటు తన ఎత్తుకి పైకి లేపాడు.

నళిని తల దువ్వుకుంటూ బయటకి వచ్చింది. సైకిలు వైపు చూసింది. అతని వైపు చూసింది. జడ ముడి వేసుకుని, వచ్చి ముందు హ్యాండిలు పట్టుకుంది.

"ఇద్దరం ఒకేసారి ఎక్కలేం" అన్నాడు. "ముందున్నవాళ్ళు కాళ్ళు ఆన్చి సైకిలు పట్టుకోవాలి. వెనకవాళ్ళు మొదట ఎక్కి కూర్చోవాలి. పడనివ్వవు కదా?"

"నన్నెప్పుడైనా అడగనిచ్చారా ఆ మాట?" అంది నళిని. "ఎక్కండి."

అతను వెనక సీటు తడుముకుని ఎక్కాడు. అతని బరువుకి సైకిలు ఒకపక్కకి ఒరిగింది. ఆమె మోకాళ్ళు బిగించి నిలిపింది. ఎదురుగా ఇప్పుడు రోడ్డు లేదు, నీళ్ళు లేవు. ఆమె వీపు, జడ ముడి, మెడ మీద తడి ఆరని వెంట్రుకలు ఉన్నాయి.

"కుడివైపు ఏమైనా ఉందా?" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. తొందరపడలేదు.

"వలలు తీసేస్తున్నారండీ. కింద పళ్ళు నల్లగా ఉన్నాయి. నల్లగా కాదు, నీలంగా. పైన మంచు పట్టినట్టు ఉంది. కొండ చివరిదాకా అలాగే ఉన్నాయి."

రామమోహన్ రెండు కాళ్ళూ నేల మీద నుంచి తీసి పెడల్స్ మీద పెట్టాడు.